ఇసుక పాపతో పాటల తనిఖీ

మా బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే. తను ముందుగా వెళ్లి, ఎక్కి, దిగి, కూర్చుని, పడుకుని చూడనిదే ఇంట్లోవాళ్లెవరినీ ఎక్కడికీ కదలనివ్వడు. "ఆగండి, ముందు నేను చూసొస్తా" అన్నది ఆయన ఊతపదం. ఆ మాటని మేం పట్టించుకోవడం ఎప్పుడో మానేశాం. పట్టించుకోకపోయినా ఆయన వెళ్లి చూసొచ్చేవాడు, అది వేరే సంగతి.

నన్ను బడిలో వేసిన రోజున ఒకటో తరగతి బల్లలో నాకంటే ముందు ఆయన కూర్చున్నాడు. కూర్చోవడం బాగానే కూర్చున్నాడు. లేవడానికే వడ్రంగిని పిలవాల్సి వచ్చింది. ఆ వడ్రంగి రంపం పట్టుకుని వచ్చేదాకా మా టీచరు పాపం ఆయన్ని కూడా కలుపుకుని పాఠం చెప్పేసింది. అడిగినవాటికల్లా ఆయన ఠకాఠకా జవాబులు చెప్పి, మొదటిరోజే క్లాసులో నా పరువు తీశాడు.

"పెళ్లికి ముందు మా ఇంటికొచ్చినప్పుడు మీ బాబాయి నన్ను చూశాడనుకున్నావా?" అంటుంది మా పిన్ని. "మెట్ల పక్కనున్న రెయిలింగ్ పట్టుకుని ఊపి చూశాడు. అది గట్టిగా ఉందని నన్ను చేసుకున్నాడు."

"ఊడి రాలేదు కదా!" అంటాడు బాబాయి. ఆ రెయిలింగ్ అంటే ఆయనకి ఇప్పటికీ గౌరవమే.

నిజం చెప్పాలంటే తప్పు ఆయనది కాదు, ఆయన ఉద్యోగానిది. జీవితమంతా లిఫ్టులు తనిఖీ చేశాడు. కొత్త లిఫ్టు పెట్టినప్పుడు మనుషులెక్కే ముందు అందులో ఇసుక బస్తాలు వేసి పైకీ కిందికీ తిప్పుతారు. బస్తాలు క్షేమంగా దిగితేనే మనుషులకి అనుమతి. రిటైరయ్యాక లిఫ్టులు ఆయన్ని వదిలేశాయి గానీ, ఆయన ఆ పద్ధతిని వదల్లేదు. లోకంలో ఉన్న ప్రతి కుర్చీ, ప్రతి గుమ్మం, ప్రతి ఉయ్యాల ఆయన కంటికి ఒక లిఫ్టే.

మా ఆవిడ పురిటికి ఆసుపత్రిలో చేరాల్సిన రోజుకి ముందు రోజు ఈయన వెళ్లి ప్రసూతి వార్డులో మంచం ఎలా ఉందో చూద్దామని పడుకున్నాడు. మంచం మెత్తగా ఉన్నట్టుంది, కునుకు పట్టేసింది. నర్సు హడావిడిగా వచ్చి, దుప్పట్లోంచి చెయ్యి లాగి బీపీ చూస్తూ, "నొప్పులు ఎప్పట్నుంచమ్మా?" అని అడిగిందట.

"మోకాళ్లవా, నడుంవా?" అన్నాడట బాబాయి.

ఆ మంచం మీదే మర్నాడు మా బుజ్జిది పుట్టింది. ఇక్కణ్ణుంచి అసలు కథ.

మా ఆవిడ పాటల ఇంట్లో పెరిగిన మనిషి. డిసెంబరు వస్తే వాళ్లింట్లో వంటింట్లో గరిటె తిప్పేవాళ్లు కూడా క్రిస్మస్ పాటల్లోనే మాట్లాడుకునేవాళ్లట. పెళ్లయ్యాక కూడా ప్రతి ఏడూ ఎక్కడో ఒక చోట క్యారల్స్ పాడే కార్యక్రమానికి వెళ్లి, జనంతో కలిసి గొంతెత్తి పాడి, మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చేది. నాకు పాట రాదు. ఆ మొహం చూడ్డానికే వెంట వెళ్లేవాణ్ణి.

బుజ్జిదానికి ఏడాది వయసప్పుడు దాన్ని కూడా తీసుకుని ఒక పెద్ద సంగీత మందిరానికి వెళ్లాం. దీపాలు తగ్గించారు. పాట ఎంత మెల్లగా ఉందంటే పక్కవాడి చేతి గడియారం వినిపిస్తోంది. సరిగ్గా అప్పుడు మా బుజ్జిది రైలు కూత పెట్టింది. అది ఏడుపు కాదండీ, సంతోషం. దానికి ఏదైనా నచ్చితే అలాగే కూస్తుంది, ఏం చేస్తాం! హాలు హాలంతా వెనక్కి తిరిగింది. నేను కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాను, మనుషుల చూపులు రోజూ చూస్తూనే ఉంటాను. కానీ అన్ని కళ్లు ఒకేసారి అంత దగ్గరి చూపుతో చూడగా నేనెప్పుడూ చూడలేదు. ముందు వరసలో ఒకావిడ "ష్!" అంది. మా ఆవిడ పిల్లని ఎత్తుకుని బయటికి పరుగెత్తింది. మిగతా పాటలన్నీ మూసిన తలుపుకి అటువైపు, గొడుగుల స్టాండు పక్కన నిలబడి వింది.

ఆ తర్వాత ఇంట్లో కూనిరాగం కూడా తీయలేదు. మళ్లీ డిసెంబరు వచ్చింది. భోజనాల దగ్గర ఎవరో పాటల మాట ఎత్తితే, "మళ్లీ తలుపు బయట నిలబడి వినడానికా? దానికంటే వెళ్లకపోవడమే నయం" అంది మా ఆవిడ. మామూలుగానే అంది. కానీ లేచి చేయి కడుక్కోవడానికి వెళ్లి చాలాసేపు రాలేదు.

బాబాయి ఆ కొళాయి చప్పుడు వింటూ కూర్చున్నాడు. తర్వాత కంచంలోంచి చెయ్యి తీసి, "ఆగండి" అన్నాడు. "ముందు నేను చూసొస్తా."

మర్నాడు కూరగాయల దుకాణానికి మా బుజ్జిదాన్ని తీసుకెళ్లి, కాటా మీద వంకాయలు దింపి దాన్ని కూర్చోబెట్టాడు. సరిగ్గా అంత బరువున్న ఇసుక తెచ్చాడు. పిన్ని చేత పాత దిండు గలీబులో పోయించి, మూతి కుట్టించాడు. దానికి బుజ్జిదాని పాత ఉన్ని టోపీ తొడిగాడు.

"బస్తాకి టోపీ ఏంటండీ?" అంది పిన్ని.

"చలి కదే!"

అలా మా ఇంట్లో ఇసుక పాప పుట్టింది. ఆ రోజు నుంచి బాబాయి దాన్ని చంకనేసుకుని ఊళ్లో క్రిస్మస్ పాటలు ఎక్కడ పాడుతున్నారంటే అక్కడికల్లా బయల్దేరాడు. బస్సులో ఒక పెద్దావిడ లేచి ఆయనకి సీటిచ్చి, "పాప నిద్రపోతోందా?" అందట. "ఆఁ, ఇప్పుడే" అన్నాడట ఈయన. ఆవిడ దిగిపోయేటప్పుడు, "ఎంత బుద్ధిమంతురాలండీ, కిక్కురుమనలేదు!" అని టోపీ నిమిరి వెళ్లిందట. ఇంటికొచ్చి ఆ మాట మాకు చెబుతూ మా బుజ్జిదాని వైపు అదోలా చూశాడు. నాకు ఒళ్లు మండింది.

ఆయన పరీక్షలు మూడు రకాలు. మొదట, ఇసుక పాపని ఎత్తుకుని కార్యక్రమం అయ్యేదాకా ఉండటం. నడుం పట్టేస్తే ఫెయిల్. రెండోది, హాలంతా మోకాళ్ల మీద పాకడం. పిల్లల కంటికి ఏం కనిపిస్తుందో, చేతికి ఏం అందుతుందో చూడాలి కదా మరి! అలా పాకుతూ ఒక చోట వెలుగుతున్న కొవ్వొత్తులు, ఒక చోట కరెంటు తీగలు, ఇంకో చోట నిద్రపోతున్న వాచ్‌మన్‌ని కనిపెట్టాడు. మూడోది అన్నిటికంటే ఘోరం. మెల్లటి పాట చూసుకుని, దాని మధ్యలో అచ్చం మా బుజ్జిదానిలా కూత పెట్టడం.

ఒకసారి ఖర్మ కాలి నేనూ వెంట వెళ్లాను. పెద్ద చర్చి. బాబాయి ఇసుక పాపని భుజాన వేసుకుని జోకొడుతున్నాడు. పాట సన్నగా, తీగలా సాగుతోంది. నేను ఆయన చొక్కా పట్టుకుని, "బాబాయ్, నీకు దణ్ణం పెడతా, వద్దు" అన్నాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, గుండెల నిండా గాలి పీల్చుకుని...

నేను తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పాటల పుస్తకంలో పెట్టుకున్నాను.

నిర్వాహకుడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఎవరండీ అరిచింది?"

"నేనే. రెండేళ్ల పిల్లలాగే ఉందా?"

"మీ ఒంట్లో బాగానే ఉందా?"

"నా సంగతి వదిలేయండి. ఎంతమంది తిరిగి చూశారో గమనించారా?"

"అందరూ చూశారు! చూడరా మరి?"

"అదే మరి" అన్నాడు బాబాయి బాధగా. "ఫెయిల్."

బయటికొచ్చేశాం. వచ్చేశాం అంటే మర్యాదకి అంటున్నాను. వరండాలో ఒక కుర్రతల్లి కొడుకుని భుజాన వేసుకుని అటూ ఇటూ ఊగుతూ, తలుపు సందులోంచి వస్తున్న పాటకి పెదాలు కదుపుతోంది. బాబాయి ఆమె పక్కన ఆగాడు. తనూ ఇసుక పాపని ఊపుతూ ఏదో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇద్దరు తల్లులు కష్టసుఖాలు చెప్పుకుంటున్నట్టుంది. నాకేమో ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనని పై ప్రాణాలు పైనే పోతున్నాయి. ఆయన్ని అక్కడే వదిలేసి బస్ స్టాపుకి వచ్చేశాను.

పార్కులో చలి, ఫెయిల్. షాపింగ్ మాల్‌లో స్పీకరు సరిగ్గా పిల్లల చెవి ఎత్తున పెట్టారు, ఫెయిల్. ఇంకో చోట అంతా బాగుంది గానీ పాటలు మొదలయ్యేదే పిల్లలు పడుకునే వేళకి. "నిద్రపోయే పిల్లల కోసం నిద్రపుచ్చే పాటలెందుకు?" అని వాళ్లతో గొడవేసుకుని వచ్చాడు. రోజూ ఇంటికి రావడం, ఇసుక పాపని సోఫాలో కూర్చోబెట్టడం, "ఫెయిల్" అనడం. మా ఆవిడ మొదట్లో నవ్వేది. తర్వాత తర్వాత ఆయన తలుపు తీసుకుని లోపలికి వస్తుంటే ఆశగా ఆయన మొహంలోకి చూసేది. అదీ మానేసింది.

ఒకరోజు నేనే అడ్డుపడ్డాను. "బాబాయ్, ఇక ఆపు. నువ్వు ఫెయిల్ అన్న ప్రతిసారీ నీ కోడలికి మళ్లీ ఆ హాల్లోంచి బయటికొచ్చినట్టే ఉంటోంది."

"వదిలేయండి చిన్నమావయ్యా" అంది మా ఆవిడ కూడా. "మీరు పడ్డ శ్రమ చాలు. వచ్చే ఏడాదికి అది పెద్దదవుతుంది, అప్పుడు వెళ్దాం."

"వచ్చే ఏడాది దాకా నువ్వు పాడవా అమ్మాయీ?"

ఆమె బుజ్జిదాన్ని ఎత్తుకుని లోపలికి వెళ్లింది. బాబాయి ఇసుక పాపని చంకనేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆయన మా ఇంటికి రావడం తగ్గించాడు. కోపమొచ్చిందనుకున్నాను. పిన్నిని అడిగితే, "నాకేం తెలుసురా! సాయంత్రమయ్యేసరికి ఆ బస్తానేసుకుని పోతాడు. వచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఉంటుంది. నిన్న అన్నంలోకి ఉప్పు అడగబోతే అసలు మాటే రాలేదు. చేత్తో చూపించాడు" అంది. ఇంకెన్ని చోట్ల అరిచి గెంటించుకుంటున్నాడో మహానుభావుడు అనుకున్నాను.

క్రిస్మస్ దగ్గర పడింది. ఒకరోజు తలుపు తోసుకుని వచ్చాడు. గొంతు లేదు. ఉన్న కాస్త గాలితోనే అన్నాడు.

"ఆదివారం పొద్దున్న. పాస్."

మా ఆవిడ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. "ఎక్కడ చిన్నమావయ్యా?"

"ఫైర్ స్టేషన్ వెనకాల హాలు. బస్ డిపో వాళ్ల బృందం పాడుతుంది. పళ్ల డాక్టరమ్మ పాడిస్తుంది."

"బాగా పాడతారా?" అన్నాను.

"బాగా పాడరు" అన్నాడు నిజాయితీగా. "కానీ బరువు మోస్తారు."

ఆదివారం వెళ్లాం. మా ఆవిడ వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర కూర్చుందాం, వెంటనే బయటికి రావచ్చు అని దారంతా అంటూనే ఉంది. హాలు చిన్నది. సగం కుర్చీలు తీసేసి తివాచీలు పరిచారు. కొవ్వొత్తులన్నీ కిటికీల పైన, నాకే అందనంత ఎత్తున పెట్టారు. గోడ పొడవునా పిల్లల బండ్లు. తివాచీల మీద ఒకటే సంత! పాకేవాళ్లు, పరుగెత్తేవాళ్లు, అవతలివాడి బిస్కెట్ లాక్కునేవాళ్లు. ఆ చర్చి వరండాలో కనిపించిన కుర్రతల్లి కూడా ఉంది. బాబాయిని చూసి, "సార్, వచ్చాం సార్!" అని చెయ్యూపింది. పక్కనే ఒక తండ్రి కవలల్ని చెరో చంకలో వేసుకుని లేచి నిలబడ్డాడు. "మీ బాబాయిగారాండీ? మాల్‌లో లిఫ్టు దగ్గర నిలబడి ఉంటే పిలిచారు" అన్నాడు. ఒక అమ్మమ్మ పార్కు గేటు దగ్గర పరిచయమట. ఫెయిల్ అయిన ప్రతి చోటా తలుపు బయట ఎవరో ఒకరు పిల్లని ఊపుతూ నిలబడి ఉన్నారన్నమాట. ఆయన ఏ ఒక్కర్నీ వదల్లేదు.

డిపో బృందం నిలబడింది. డ్రైవర్లు, మెకానిక్కులు, టిక్కెట్ల కౌంటరు ఆవిడ. పళ్ల డాక్టరమ్మ చేతులెత్తి, "అందరూ నోరు బాగా తెరవండి" అంది. అలవాటు ఎక్కడికి పోతుంది! పాట మొదలైంది.

మా బుజ్జిది ఒక నిమిషం కళ్లు పెద్దవి చేసి వింది. పాట నచ్చింది. కొంప మునిగింది. రైలు కూత పెట్టింది.

మా ఆవిడ అప్పటికే లేచింది. సంచి భుజాన పడింది, పిల్ల చంకెక్కింది, ఒక కాలు గుమ్మం వైపు పడింది. అప్పుడు ఆగింది. ఎవరూ తిరగలేదు. ఒక్క తల కదల్లేదు. లావుపాటి మెకానిక్కు ఒకాయన కిందిస్థాయిలో ఏదో రాగం తీస్తున్నవాడు తీస్తూనే ఉన్నాడు. బుజ్జిది మళ్లీ కూసింది. ఈసారి కవలలు కూడా అందుకున్నారు. పాట ఆగలేదు, తడబడలేదు. పళ్ల డాక్టరమ్మ కనుబొమ్మ కూడా ఎత్తలేదు. మా ఆవిడ మెల్లగా మళ్లీ కూర్చుంది. సంచి భుజం మీద నుంచి తీయడం మాత్రం మరిచిపోయింది.

పాట అయ్యాక పళ్ల డాక్టరమ్మ మా దగ్గరికొచ్చింది. "మీరేనా ఆయన కోడలు?" అంది. "అమ్మయ్య, అసలు పిల్ల వచ్చేసింది! ఇన్ని రోజులూ మా రిహార్సల్స్‌కి మీ మావయ్యగారే పిల్ల. మొదటిరోజు ఈయన అరిస్తే మావాళ్లంతా అగ్నిప్రమాదమనుకుని బయటికి పరుగెత్తారు. తర్వాత తిట్టారు. తర్వాత ఆ మెకానిక్కుగారు ఈయన్ని ఎత్తి బయట కూడా కూర్చోబెట్టారు. అయినా ఈయన కిటికీలోంచి అరిచారు! కాళ్ల మధ్య పాకారు, స్పూన్లు కింద పడేశారు, పుస్తకాలు లాక్కున్నారు. ఇప్పుడు మావాళ్ల నెత్తి మీద పిడుగు పడ్డా పాట ఆపరు."

నేను బాబాయి వైపు తిరిగాను. "అంటే నువ్వు ఇక్కడికి పరీక్ష చేయడానికి రాలేదా?"

"మొదటిరోజే ఫెయిలయ్యారురా వీళ్లు కూడా" అన్నాడు బొంగురుగా. "అయితే ఏం? లిఫ్టు ఫెయిలైతే జనాన్ని మెట్లెక్కి చావమంటామా? లిఫ్టు బాగుచేయిస్తాం. దీనికి ఇంత రాద్ధాంతమెందుకు?"

ఆయనంటే ఇన్నేళ్లూ తల కొట్టుకున్నవాణ్ణి. ఇలాంటి మనిషి మా ఇంట్లో పుట్టినందుకు ఆ పూట ఎవరికి దణ్ణం పెట్టుకోవాలో తెలియక, ఆయన చేతిలోంచి ఆ బస్తాని అందుకుని ఎత్తుకున్నాను. అబ్బ, ఏం బరువు! ఆ వయసులో దాన్ని ఊరంతా మోశాడు. మా ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, "చిన్నమావయ్యా..." అంది. ఆయనకి అలాంటివి చేతకావు. "ఆ కుర్చీ కాలు వదులుగా ఉంది, ఈ కుర్చీలో కూర్చో" అన్నాడు.

చివరి పాట అందరికీ తెలిసిన నెమ్మది పాట. పిల్లలు అలిసిపోయినట్టున్నారు, లేకపోతే పాటకే లొంగిపోయారో. రెండో చరణం అయ్యేసరికి హాలు నిశ్శబ్దమైపోయింది. ఒక్క పిల్ల కూడా కిక్కురుమనడం లేదు. ఎవరికైనా సంతోషమే కదా! డిపో బృందానికి మాత్రం కాళ్లూ చేతులూ ఆడలేదు. రిహార్సల్స్‌లో మూడో చరణం ఎప్పుడూ బాబాయి కూత పెట్టాకే ఎత్తుకోవడం వాళ్లకి అలవాటైపోయింది. ఇప్పుడు కూతేదీ? మెకానిక్కు నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పళ్ల డాక్టరమ్మ గాల్లో చేతులు అలాగే ఉంచి, బెదిరిన కళ్లతో బాబాయి వైపు చూసింది.

బాబాయి లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. మిగిలిన గొంతంతా కూడగట్టుకుని ఒక్క కూత పెట్టాడు.

బృందం హమ్మయ్య అనుకుని మూడో చరణం అందుకుంది. హాలంతా కడుపుబ్బ నవ్వింది. మా ఆవిడ నవ్వి నవ్వి మొదటి పంక్తి పాడలేకపోయింది. రెండో పంక్తికి కళ్లు తుడుచుకుంది. మూడో పంక్తికి గొంతు కలిపింది. నాలుగో పంక్తికల్లా ఆ డిపో వాళ్లందరి గొంతుల మీదుగా ఆమె గొంతు పైకి లేచింది. నేను ఆ మొహం వైపు చూస్తూ కూర్చున్నాను. మా బుజ్జిది కూడా ఒళ్లో కూర్చుని, తలెత్తి, వాళ్లమ్మ నోట్లోకే చూస్తోంది. అమ్మ అంత గట్టిగా పాడగలదని దానికి తెలియదు పాపం.

పాట అయిపోయింది. చప్పట్లు కొట్టేలోపే బుజ్జిది వాళ్లమ్మ గడ్డం పట్టుకుని, హాలంతా వినపడేలా, "మల్లీ!" అంది.

మళ్లీ పాడారు.